లుంగీ ముడిలో తుపాకీ

అన్నయ్యా,

ఈరోజు నీ సంవత్సరీకం. అహ్లోన్ పేటలో మనింట్లోనే నీకు విస్తరి వేసి, రొయ్యల వేపుడు వడ్డించాను. తమ్ముడికి దండం పెట్టుకునే ధ్యాసే లేదు. నీకలా జరిగినప్పటి నుంచి ఖాళీ చేతులతో బయటికి వెళ్లనంటున్నాడు. ఇప్పుడు తుపాకీ లైసెన్సు వచ్చిందట, ఏది కొనాలో అక్కనని నన్నడుగుతున్నాడు.

"నైన్ ఎంఎం గుండైతే దెబ్బ గట్టిదప్పా. త్రీ ఎయిటీ గుండు చిన్నది, తుపాకీ కూడా సన్నం, చొక్కా కింద కనబడదు. ఏటి తీసుకోమంతావు?"

"లుంగీలో ఎక్కడ దోపుతావురా?" అన్నాను.

చూపిస్తానని తుపాకీకి బదులు సుత్తి తెచ్చి నడుం దగ్గర ముడిలో దోపుకున్నాడు. గుమ్మం దాటేలోపే ముడి జారి, సుత్తి పాదం మీద పడింది. కుంటుకుంటూ వచ్చి మళ్లీ అదే ప్రశ్న! ఇకనుంచి ప్యాంట్లే వేసుకుంటాడట. నాకు ఒళ్లు మండిపోయింది.

నువ్వు బస్సు కోసం నిలబడ్డావు, అంతే. నీ ఒంట్లోంచి తీసిన గుండు చింతగింజంత కూడా లేదన్నారు ఆసుపత్రిలో.

"చిన్నది చాలదేటిరా? అన్నకి చాల్లేదా?" అని అరిచాను.

వాడు నీ విస్తరి వైపు చూసి తలూపాడు.

"అయితే త్రీ ఎయిటీయే తీసుకుంతానప్పా" అన్నాడు.