ఎడమ పెడల్ తిరకాసు

ప్రెస్టన్, మంగళవారం

తాతయ్యా,

ఉద్యోగం వచ్చింది! నాలుగు రోజులు ఫ్యాక్టరీలో పని, ఒకరోజు కాలేజీ, ఐదేళ్లకు డిగ్రీ. "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు పిల్లా" అన్నావుగా! పెట్టాను, మునగలేదు.

ఇంటర్వ్యూలో సైకిల్ ఎడమ పెడల్ విప్పమన్నారు. నా ముందువాడు విప్పుతున్నాననుకుని బిగించీ బిగించీ చెమటలు కక్కాడు. నేను నువ్వు నేర్పినట్టు, మామూలు మరను బిగించే వైపుకే తిప్పాను. ఊడొచ్చింది.

"ఎడమదానికే ఎందుకమ్మా ఈ తిరకాసు?" అని ఇంటర్వ్యూ చేస్తున్న ఆర్మరాడ్ మేడమ్ అడిగింది.

"తెలీదండీ. మా తాతయ్యనడిగితే 'నోర్మూసుకుని టీ పెట్టు' అన్నాడు" అన్నాను. పడీపడీ నవ్వారు.

చేరే రోజున జవాబు పట్టుకురమ్మన్నారు. వెంటనే రాయి. నీకూ తెలీకపోతే ఆ మాటే రాయి, సిగ్గుపడకు. తెలీదని చెప్పినందుకే నన్ను తీసుకున్నారట.

నీ మనవరాలు