మన చెరువు మన్ను కావాల

తమ్ముడు సుబ్బరాయుడికి అన్న పెంచలయ్య రాసేది.

అందరూ ముందు కులాసా అడుగుతారు. నేను ముందు ఇది అడుగుతాను. నాయన పోయినాక కుండలు కాల్చే తొలి ఆవానికి నిప్పు పెట్టేది పెద్దకొడుకు గదా? మన ఇండ్లలో ఆ పద్ధతి నీకు తెలవదా? నేను గడ్డి బండి తోలుకొని వచ్చేలోపల నువ్వు పెట్టేసినావు. పైగా "మబ్బు పట్టింది అన్నా, పచ్చి కుండలు తడుస్తాయి" అన్నావు. ఆ పొద్దు చుక్క రాలలేదు. ఇన్నేండ్లూ అది నా గొంతులోనే ఉండాది. రాసేసినాను.

ఇప్పుడు చెప్పు, నువ్వు బాగుండావా? మరదలు లక్ష్మమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉండాను, దిగులు పడబాకండి. ఫోన్ చేస్తే నువ్వు కొడుకు చేతికి ఇచ్చేస్తావు, అందుకని రాస్తాండాను. రాత వంకర. నిదానంగా చదువుకో.

ఈడ జువ్వలదిన్నెలో కూతురు రమణమ్మ ఇంటి పక్కన రేకుల కొట్టం వేసినారు. బిడ్డ దాన్ని స్టూడియో అంటాది. బోర్డు కూడా పెట్టింది. సారె కరెంటుది, స్విచ్చి వేస్తే తిరగతాది. చేపల పులుసు చట్లు, మజ్జిగ ముంతలు, టీ కప్పులు చేస్తాండాను. కప్పుకు చెవి ఉండాలంట. సముద్రం చూడను వచ్చే కార్లోళ్ళు ఆగి కొంటారు. ఒకాయన "తాతా, ఇవి చేత్తో చేసినవేనా?" అన్నాడు. "కాదు, కాలితో చేసినాను. తీసుకుంటావా లేదా?" అన్నాను. నవ్వి రెండు తీసుకున్నాడు. రమణమ్మ మటుకు "నాయనా, నువ్వు కొట్లో కూర్చోబాక, వచ్చినోళ్ళను తరిమేస్తావు" అంటాది.

ఈ ఉప్పుగాలి నాకు పడలా. ఒళ్ళంతా జిగట. చట్లు ఒక పట్టాన ఆరవు. అన్నం బాగానే తింటాండాను, చేపలకు కొదవ లేదు. మాట్లాడే మనిషే లేడు. ఈడ అందరివీ వలల మాటలు, డీజిల్ మాటలు. మట్టి మాట ఎవురికీ పట్టదు. బాగానే ఉండానులే.

అసలు సంగతి ఇది. దూరం పోలేక పోయిన నెల ఉప్పుకాలవ గట్టున మన్ను తవ్వించినాను. వెన్న మాదిరి ఉన్నింది. కాల్చినాక చట్లు కంగుమన్నాయి. చాలా మటుకు అమ్ముడుపోయినాయి. కొన్నాళ్ళకు ఒకామె చట్టి ఎత్తుకొచ్చి "పెద్దాయనా, నీ చట్టికి బూజు పట్టింది" అనింది. "గంజి పోసి నానబెట్టినావా? చట్టి వాడకం నీకు రాకపోతే నాదా తప్పు?" అని కసిరినాను. ఆమె చట్టిని గోటితో గీకింది. పెళ్ళలు రాలినాయి. నాలిక మీద వేసి చూసినాను. బూజు కాదురా, ఉప్పు. నీళ్ళు తగిలేసరికి మన్నులోది బయటికి పేలింది. పుట్టినకాడి నుంచి చెరువు మన్ను పిసికినోడిని, ఉప్పు మన్ను సంగతి నాకు యాడ తెలుసు? రమణమ్మ ఆమెను బతిమాలి పంపింది. మిగిలిన చట్లన్నీ నేనే పగలగొట్టినాను.

చేపల హోటలాయన మన చట్లలోనే పులుసు వడ్డిస్తానని చెప్పుండాడు. ఇది ఆయన చెవినా పడింది. "ఇంకొక్కసారి చూస్తా పెద్దాయనా, మళ్ళీ ఇట్టనే అయితే స్టీలు గిన్నెలు కొనుక్కుంటా" అన్నాడు. ఆయన పోతే కొట్టం మూసుకోవాల. మూస్తే నేను కూతురింట్లో మంచం మీద కూర్చొని తినే ముసిలోడిని. అది నా వల్ల కాదు.

మన చెరువు మన్ను కావాల. తూము పక్కన నల్లమన్ను. చెరువు నిండితే మళ్ళీ ఎండాకాలం దాకా దొరకదు. వచ్చే శుక్రవారం అల్లుడి స్నేహితుడి లారీ మనూరి మీదుగా ఖాళీగా వస్తాది. మన్ను ఒకటే వస్తే చాలదు. మట్టి తొక్కను నా కాళ్ళలో సత్తువ లేదు. ఈడ కూలోళ్ళు తొక్కిన మట్టిలో సారె మీద రాళ్ళు చేతికి తగలతాయి. నువ్వు తొక్కిన మట్టిలో నాకు ఎప్పుడూ రాయి తగల్లేదు. మెప్పు అనుకోబాక, ఉన్నమాట. లారీలో నువ్వూ ఎక్కు. అటక మీద చట్లు తట్టే నా చెక్క తెడ్డు ఉండాది, అదీ తీసుకురా.

పెద్దమ్మకు నా దండాలు, నన్ను దీవించమను. పిల్లోళ్ళకు నా దీవెనలు.

లారీకి ముందురోజు, బేస్తవారం పొద్దుగూకేలోపల వస్తావో రావో ఫోన్లో నువ్వే చెప్పాల. "చూస్తాంలే అన్నా" అనబాక. ఆ మాట నాకు వద్దు. వస్తానను, లేదా రానను.

నీ అన్న
పెంచలయ్య