గోడవైపు తిరిగిన శిలువలు

నా ఎలిసెయోకి,

ఫ్రిజ్‌లో పెట్టిన మిరపకాయల కూర ఈపాటికి అయిపోయి ఉంటుంది. బీన్స్ డబ్బాలు పై అరలో ఉన్నాయి, వెతుక్కో. ఫోనులో నీ గొంతు వింటే మాట మార్చేస్తాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బొమ్మలు చూసొద్దామని ఇద్దరు స్నేహితురాళ్ళం బయల్దేరామేగానీ, ట్రూడీ బండి సంగతి నీకు తెలుసుగా. ఏసీ పనిచెయ్యదు, కిటికీ అద్దం దిగితే మళ్ళీ ఎక్కదు. సొకోరో దాటిన దగ్గర్నుంచి ఇద్దరం దుమ్ము తింటూనే ఉన్నాం. ఈ ఎడారి ఊళ్ళన్నిటిదీ ఒకటే తంతు. గనులు మూతపడగానే జనం వెళ్ళిపోతారు. కొన్నాళ్ళకి చిత్రకారులు దిగి, ఖాళీ పెట్రోలు బంకులోనూ మూసేసిన బడిలోనూ బొమ్మలు పెట్టి దీపాలు వెలిగిస్తారు. నిన్న ఒక ఊళ్ళో పాత ఫ్రిజ్‌లని ఇసకలో వరసగా నిలబెట్టారు. ట్రూడీ వాటి మధ్య గుళ్ళో నడిచినట్టు నడిచింది. నేను మాత్రం దేన్లోనైనా చల్లటి సోడా దొరుకుతుందేమోనని తలుపులు తీసి చూశాను. నాకు కళాహృదయం లేదని తీర్మానించేసింది. ముప్పయ్యేళ్ళు రేకు మీద పువ్వులు కొట్టి అద్దాలకి చట్రాలు చేసినదాన్ని, నాకెందుకుంటుంది లే.

అసలు సంగతికి వస్తాను. నేను ఇంటికి రావడం లేదు. పియెద్రా సెకా అనే ఊళ్ళో ట్రూడీ ఒక షెడ్డు తీసుకుంది. అందులో నా పనిబల్లకి కూడా చోటుందట. వచ్చెయ్యమంది, సరేనన్నాను.

కోపంతో కాదు. మార్సెలా పోయాక నువ్వు ప్రతి ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లారీ మన పిల్ల కారుని గుద్దిన చోటికి వెళ్తావు. నువ్వు అక్కడ నాటిన శిలువని నేను ఒక్కసారీ చూడలేదు. ఆ రోడ్డు ఎక్కనని, ఆ రోడ్డు మీది వస్తువేదీ నా గడప దాటి లోపలికి రాకూడదని మొదట్లోనే చెప్పాను. నువ్వు నన్ను బలవంతపెట్టలేదు. కానీ పొద్దంతా దాని దగ్గర గడిపి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, పళ్ళెంలోకి చూస్తూ తింటావు. మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయినట్టుంటావు. చచ్చిపోయిన కూతురి మీద కుళ్ళుకునే తల్లి ఉంటుందా అంటే, ఉంది. నేనే. ఆ ఇంట్లో నాకు ఊపిరి ఆడడం లేదు ఎలిసెయో. నువ్వు చెడ్డవాడివి కావు. నాకు అదే ఎక్కువ బాధ.

నీ
ఒఫీలియా

ఎలిసెయోకి,

ఈసారి పైన ‘నా’ అని రాయలేదు. కావాలనే.

పియెద్రా సెకా చేరాం. ఎడారంతా చుట్టి చుట్టి చివరికి మన ఇంటికి మూడు గంటల దూరంలోనే తేలాం. ఇక్కడ పాత పత్తిమిల్లుని బొమ్మల గదిగా మార్చారు. తన కాబోయే ఇరుగుపొరుగుని చూసి తీరాలని ట్రూడీ నన్ను అందులోకి లాక్కెళ్ళింది. లోపల ఒక గోడ నిండా శిలువలు. రోడ్డు పక్కన మనవాళ్ళు నాటుకునేవే. కానీ అన్నిటినీ గోడవైపుకి తిప్పి కొట్టారు. పేర్లు, తేదీలు, పువ్వులు అన్నీ గోడకే. మనకి కనిపించేది వట్టి వెనక చెక్క. ‘దెస్కాన్సో’ అని పక్కన రాసి ఉంది. ట్రూడీ ఒహాయో మనిషి కదా, అంటే ఏమిటని అడిగింది. విశ్రాంతి అని చెప్పాను. పూర్వం శవపేటికని భుజాన మోసేవాళ్ళు దారిలో అలిసిపోయి దించుకున్న చోట శిలువ పెట్టేవాళ్ళని, ఆ విశ్రాంతి చచ్చిపోయినవాళ్ళకి కాదు, మోసేవాళ్ళకని చెప్పాను. ఇలా తిప్పి పెడితే అన్ని చావులూ ఒక్కటే అయిపోయాయి చూడు, ఎంత బాగుందో అని ట్రూడీ మురిసిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. రోడ్డు పక్కన శిలువని మన దగ్గర దొంగ కూడా ముట్టుకోడు. దాన్ని ముట్టుకున్నవాళ్ళు ఎవరా అని చూస్తూ దగ్గరికి వెళ్ళాను. మూలన ఉన్నదాని అడ్డకర్ర మీద చిన్న చిన్న గాట్లు కనిపించాయి.

పంటి గాట్లు, ఎలిసెయో. పళ్ళొచ్చే రోజుల్లో మార్సెలా తన చెక్కమంచం కమ్మీని ఉడతలా కొరికేది, గుర్తుందా? లేత ఆకుపచ్చ రంగు నోట్లోకి పోతోందని నేను రోజూ కమ్మీకి గుడ్డ చుట్టేదాన్ని. ఆ మంచం కొట్టంలో ఉందనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నువ్వు దాన్ని కోసి శిలువ చేశావని నాకెలా తెలుస్తుంది? నేను రెండు చేతులతో పట్టుకుని లాగాను. మేకుతో సహా ఊడి వచ్చింది.

ట్రూడీ నా చెయ్యి పట్టుకుంది. “ఒసే ఒఫీలియా, ముట్టుకోకూడదే. అది కళ.”

“కళ కాదే. నా కూతురి మంచం.”

ఇవతలికి తిప్పాను. ఇటువైపు నువ్వు పూసిన నీలం రంగు మీద నీ వంకర అక్షరాలు. దాని పేరుకి చోటు చాలక ‘లా’ని చివర్లో ఇరికించావు. అలికిడికి హేజల్ అనే ఆవిడ వచ్చింది. ఆ గోడ చేసింది ఆవిడే. ఎక్కడ పీకి తెచ్చావని నోటికొచ్చినట్టు అడిగాను. ఆవిడ అరవలేదు. తను ఒక్కటీ పీకలేదట. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఎవరివి వాళ్ళని తీసుకుపొమ్మన్నారట. పారెయ్యలేనివాళ్ళు, ఇంట్లో పెట్టుకోలేనివాళ్ళు తెచ్చి తనకి ఇచ్చారట. “ఇది ఇచ్చినాయన, ఇంటావిడ గడప దాటనివ్వదని చెప్పాడమ్మా” అంది.

అంటే నువ్వే. నీ చేత్తో నువ్వే మన పిల్లని తెచ్చి, గోడకి మొహం పెట్టించి, ఊళ్ళోవాళ్ళు కాఫీ తాగుతూ చూడ్డానికి ఇచ్చేశావు. నన్నొక్క మాట అడగలేదు. రోడ్డు పని జరిగి ఏడాది దాటిందట. మరి అక్కడ ఏమీ లేనప్పుడు ఈ ఆదివారాలన్నీ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్తున్నావు? ఇంకో ఆడదుందా? ఉంటే ఆవిడతోనే ఉండు. ఇంటి తాళంచెవి ట్రూడీ తెచ్చి ఇస్తుంది.

ఒఫీలియా

ఎలిసెయో,

నిన్నటి ఉత్తరం డబ్బాలో వేసేశాను. వెనక్కి తీసుకోవడానికి లేదు. ముందు అదే నీ చేతికొస్తుంది, నన్ను తిట్టుకుంటావు. తిట్టుకో.

రాత్రంతా శిలువ నా దగ్గరే పెట్టుకున్నాను. పొద్దున్నే హేజల్ మా షెడ్డుకి వచ్చింది. శిలువ వెనక్కి ఇమ్మంటుందేమోనని నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ వచ్చింది అందుకు కాదు. “ఆదివారం ఆయన వస్తే గోడ మీద అది ఉండదు. ఆయనకి నేనేం చెప్పను?” అని అడగడానికి వచ్చింది.

ఏ ఆయన అన్నాను.

అప్పుడు చెప్పింది. నువ్వు ప్రతి ఆదివారం తలుపు తీసేవేళకి వస్తావట. తడిగుడ్డతో దాన్ని తుడుస్తావట. తరవాత జనానికి వీపు పెట్టి, దానికి ఎదురుగా నేల మీద కూర్చుంటావట, సాయంత్రం మూసేదాకా. చూడ్డానికి వచ్చేవాళ్ళు నిన్ను కూడా ఆ గోడలో భాగమే అనుకుని ఫొటోలు తీసుకుంటారట. ఒకామె నీ భుజం తాకి, నిజం మనిషేనా అని చూసిందట. హేజల్ సిగ్గుపడి వాళ్ళని ఆపబోతే నువ్వే వద్దన్నావట.

“తియ్యనీండమ్మా. కనీసం ఎవరో ఒకళ్ళు చూస్తున్నారు” అన్నావట.

ఆ మాట విన్న తరవాత ట్రూడీ ఏదో వండి పెట్టింది, తినలేకపోయాను. ట్రూడీ కూడా నిన్నటి మురిపెం తలుచుకుని ఏడ్చింది. నీకు మూడు గంటలు పోను, మూడు గంటలు రాను. ఇంటికొచ్చి నాకేం చెప్తావు? చెప్పడానికి నేను చోటెక్కడ ఉంచాను?

ఇంటికి వస్తానని రాయను. వస్తానో రానో నాకే తెలీదు. ఆ వంటింట్లో మనిద్దరం మళ్ళీ మాట్లాడుకోగలమని ధైర్యంగా చెప్పలేను. శిలువని మాత్రం హేజల్‌కి ఇచ్చేశాను. మేకు నేనే కొట్టాను. ఎటు తిప్పమంటావని అడిగితే, తెచ్చినాయన ఎలా ఒప్పుకున్నాడో అలాగే ఉంచమన్నాను.

ఆదివారం నువ్వు వచ్చేసరికి నేను అక్కడే నేల మీద కూర్చుని ఉంటాను. పలకరించకపోయినా ఫరవాలేదు. వచ్చి పక్కన కూర్చో. ఫొటోలు తీసుకునేవాళ్ళు ఇద్దర్నీ కలిపి తీసుకుంటారు.

మార్సెలా వాళ్ళమ్మ