కమామా అంటే సీతాకోకచిలుక

జనవరి 3, 1986. ప్రత్తిపాడు.
సాయంత్రం 5.30. తీర్మానం చేశాను! ఈసారి బిడ్డకి పుట్టిన రోజే పేరు పెడతాను. మంచి అర్థం ఉన్న పేరు, ఈ జిల్లాలో ఇంకెవరికీ లేని పేరు. ముద్దుపేర్లు నిషేధం.

కారణం ఒకటి: మా బడి హాజరుపట్టీలో జయకుమారులు ఆరుగురు. ఒకసారి పిలిస్తే వరసంతా లేస్తుంది.
కారణం రెండు: నా పేరు ఇమ్మానియేలు. ఊరు పిలిచేది పెంటయ్య మాస్టారని. నాకు ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని మా అమ్మ నన్ను చేటలో పెట్టి, పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పొరుగావిడ చేత ఎత్తించి, తవుడిచ్చి కొనుక్కుంది. అలా చేస్తే బిడ్డ బతుకుతుందట! సైన్సు మాస్టారికి ఈ పేరేమిటి?
కారణం మూడు: మాకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు తొమ్మిది రోజులున్నాడు, ఒకడు పదహారు. బాప్తిస్మంలో పెడదాంలే అని ఇద్దరికీ పేరు పెట్టలేదు. సమాధుల మీద రాయించడానికి ఏమీ లేకపోయింది.

జనవరి 5.
ఆరాధన అయ్యాక జక్రయ్య అయ్యగారు అమెరికా సంఘం వాళ్ళు పంపిన పాతబట్టల పెట్టె తెరిచారు. నా వంతుకి వచ్చినవి: మోకాళ్ళ దాకా ఉన్న ఉన్నికోటు ఒకటి (ఇక్కడ ఎప్పుడు తొడుక్కోవాలో దేవుడికే తెలియాలి), పిల్లల పేర్ల పుస్తకం ఒకటి. చివర్లో చెరోకీ పేర్లు, వాటి అర్థాలు. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అమెరికాలో ఉన్నవాళ్ళు వీళ్ళు. అద్భుతం! గుంటూరు జిల్లాలో పోటీ ఉండదు.

జనవరి 8.
పరిశీలన:
వాయా, తోడేలు. వద్దు.
సలోలి, ఉడత. బళ్ళో ఏడిపిస్తారు.
సెలు, మొక్కజొన్న. కానుపు చెయ్యడానికి వచ్చిన మా అత్తగారు కొండమ్మగారు, "మన చేలో లేని పంట ఎందుకయ్యా, మిరపకాయ అని పెట్టుకోండి" అన్నారు.
కమామా, సీతాకోకచిలుక. ఆహా!
మా ఆవిడ రెబ్కాని అడిగాను. "ముందు బిడ్డని చూడనివ్వండి" అంది.

జనవరి 20.
ఉదయం 6.10. ఆడపిల్ల! తల్లీబిడ్డా క్షేమం.
6.20. పేరు పెట్టేశాను. కమామా. నర్సు ఎలీసమ్మ మూడుసార్లు అడిగి రాసుకుంది.
7.00. అత్తగారు: "సీతాకోకచిలకా? ఎన్నాళ్ళు బతుకుద్ది అల్లుడుగారూ అది?"
పాఠం చూసి చెబుతానన్నాను.

జనవరి 21.
ప్రకృతి శాస్త్రం పుస్తకం చూశాను. చాలా రకాలు రెండు మూడు వారాలట.
అత్తగారికి చెప్పలేదు.

జనవరి 26.
పొద్దున "చిట్టీ" అన్నాను. పొరపాటు. చిట్టి అనేది పేరు కాదు, పిలుపు, కాబట్టి నిషేధం కిందికి రాదు.

జనవరి 28.
తొమ్మిదో రోజు. బడికి సెలవు పెట్టాను. కారణం కడుపునొప్పి అని రాశాను. రోజంతా తొట్టి పక్కనే కూర్చున్నాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

జనవరి 31.
ఆశ్చర్యం! అత్తగారికి పేరు వచ్చేసింది. కాళ్ళ మీద వేసుకుని నలుగు పెడుతూ "మా కమామా, మా బంగారు కమామా" అంటున్నారు. రెబ్కా కూడా అంటోంది.
నాకే నోరు రావడం లేదు. ఆ మాట అనబోతే రెండు మూడు వారాలు అన్నదే గుర్తొస్తోంది. "పిల్ల" అంటున్నాను. తాత్కాలికంగా.

ఫిబ్రవరి 3.
పదిహేనో రోజు. జ్వరం 102. డొక్కలు ఎగరేస్తోంది. పాలు తాగడం లేదు. డాక్టరుగారు ఇంజెక్షను చేసి, చుక్కల మందిచ్చి, రేపటికి తెలుస్తుందన్నారు. ఏం తెలుస్తుందో చెప్పలేదు.

ఫిబ్రవరి 4.
పదహారో రోజు.
ఉదయం 11.00. రెండో ఇంజెక్షను. జ్వరం 103.
మధ్యాహ్నం 2.00. ఏడవడం కూడా మానేసింది.
3.30. చేట ఎక్కడుందని అడిగాను.
అత్తగారు తెల్లబోయారు. "మీకేమన్నా మతిపోయిందా అల్లుడుగారూ? చక్కటి పేరు పెట్టుకున్నారు. జ్వరం పిల్లని బయట తిప్పుతారా?" అని తలుపుకి అడ్డం నిలబడ్డారు. రెబ్కా మంచం కింద నుంచి చేట తీసి ఇచ్చింది. అప్పటికే కడిగి, మెత్తటి పాతచీర పరిచి పెట్టుకుంది. ఎప్పుడు చేసిందో నాకు తెలియదు.
"తొరగా తీసుకురండి" అంది. అంతే.
మిరపకాయల కళ్ళం వెనకాల పెంటకుప్ప. ముక్కు మండిపోతోంది. చేట దించి నాలుగడుగులు వెనక్కి జరిగాను. ముందే చెప్పి ఉంచిన పొరుగింటి జోహరాబీగారు వచ్చి పిల్లని ఎత్తుకున్నారు.
"ఎవురు పారేసుకున్నారమ్మా ఈ పిల్లని? నాకు దొరికింది, నేనియ్యను" అన్నారు. అలా అనడం ఆచారం. అయినా నా ప్రాణం పోయినంత పనైంది. రెండు దోసిళ్ళ తవుడు పోశాను.
"ఏం పేరు మాస్టారూ?"
"పెంటమ్మ."
మా అమ్మ కూడా ఇలాగే నిలబడి ఉంటుంది. ఆ పేరుకి ఆమెను ముప్పయ్యేళ్ళు తిట్టుకున్నాను. సిగ్గేసింది. అక్కడే ఏడ్చాను. మిరపఘాటు అని చెప్పాను.

ఫిబ్రవరి 6.
జ్వరం 99. పాలు తాగింది!
గమనిక: తగ్గింది ఇంజెక్షను వల్ల. ఇది సైన్సు.
గమనిక రెండు: ఇంట్లో ఎవరూ ఆ రెండో పేరు అనకూడదని గట్టిగా చెప్పాను. రెండో పేరంటే కమామా.

ఫిబ్రవరి 15.
అత్తగారు మూడుసార్లు కమామా అన్నారు. మూడుసార్లూ పోట్లాడాను. "పెట్టిందీ మీరే, వద్దనేదీ మీరే" అని మాట్లాడటం మానేశారు. నిజమే. కానీ పిల్ల పావుకిలో బరువు పెరిగింది. రిస్కు తీసుకోలేను.

మార్చి 2. ఆదివారం.
నలభై రెండో రోజు. బాప్తిస్మం.
గుడి నిండా జనం. జక్రయ్య అయ్యగారు పిల్లని చేతుల్లోకి తీసుకుని, ఈ బిడ్డ పేరేమిటని అడిగారు.
లేచాను. నోరు తెరిచాను. "పెంటమ్మ" అన్నాను.
వెనక బెంచీల్లో నవ్వులు. అయ్యగారు రిజిస్టరు వైపు చూసి, "మాస్టారూ, ఇది శాశ్వతంగా ఉంటుంది, ఆలోచించుకోండి" అన్నారు.
రెబ్కా లేచింది. "రెండూ రాయండయ్యగారూ. పెంటమ్మ కమామా. బతికే పిల్లకి ఒక్క పేరేం సరిపోద్ది?"
రాశారు. సిరా ఆరేదాకా అక్కడే నిలబడి చూశాను.

సాయంత్రం 4.15. కొత్త తీర్మానం. నేటి నుంచి రోజుకొకసారి కమామా అని పిలుస్తాను. గట్టిగా కాదు, చెవి దగ్గర, ఎవరూ లేనప్పుడు.
4.20. పిలిచాను. మంచి నిద్రలో ఉంది, వినలేదు.
ఫరవాలేదు. రేపు పిలుస్తాను. ఎల్లుండి పిలుస్తాను.