పరామర్శకు వచ్చువారిని బైండోవర్ చేయుట గురించి

తహసీల్దారు మరియు మండల ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గారికి,
మోత్కూర్.

అర్జీదారు: పర్వతాలు, తండ్రి పేరు కీ.శే. సోమన్న, వయసు అరవై ఆరు, రిటైర్డ్ అటెండరు, కొత్తబాయిగూడెం గ్రామం, మోత్కూర్ మండలం, పాత నల్లగొండ జిల్లా (కొత్త జిల్లా పేరు పొడుగైనందున రాయలేదు).

విషయం: నా కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయిన పిదప నన్ను చూచి పోవుటకు వచ్చుచున్న బంధుమిత్రులను తమరి ఎదుట హాజరుపరచి, నా మోకాలు వంగేంతవరకు బైండోవర్ చేయవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని మనవి చేయునది ఏమనగా, నేను తమరి కార్యాలయంలోనే అటెండరుగా పనిచేసి రిటైరైనాను. తమరు అప్పటికి ఈ మండలానికి రాలేదు. గుడుంబా కాచేవాళ్ళను ఎక్సైజు వారు పట్టుకొచ్చి వరండాలో నిలబెట్టినప్పుడు, తలుపు దగ్గర నిలబడి వాళ్ళ పేర్లు పిలిచినది నేనే. ఇకమీదట బుద్ధిగా ఉంటామని బాండు రాసిచ్చి, వేలిముద్ర వేసి బయటికి వచ్చిన మనిషి కొన్నాళ్ళయినా భయంతో ఉండేవాడు. ఆ పద్ధతి మీద నాకు ఈనాటికీ గురి ఉన్నది. అది ఇంతకుముందు 107, 110 సెక్షన్ల కింద జరిగేది. కొత్త చట్టం వచ్చి నెంబర్లు మారినవని విన్నాను. తమరికి ఏ నెంబరు అనుకూలమైతే ఆ నెంబరు వేసుకోగలరు.

నా కష్టములు ఈ దిగువ విధంగా ఉన్నవి:

1. నాకూ నా భార్య గోపమ్మకూ మోకాళ్ళు అరిగిపోయినవని హైదరాబాదు దవాఖానలో డాక్టరు గారు ఇద్దరి ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించినారు. నాది కుడిది, ఆమెది ఎడమది. ఆమెదే ఎక్కువ చెడిపోయినది కనుక ముందు ఆమెకే చేస్తామన్నారు. గోపమ్మ ఒప్పుకోలేదు. "ముందుగాల నువ్వు చేయించుకో. నీది మంచిగైతె నేను చేయించుకుంట. కాకుంటె గీ కాలుతోనే ఎల్లదీస్త" అన్నది. ఆ విధంగా నా మోకాలు నా ఒక్కడిది కాకుండా పోయినది. నాది వంగితే ఆమె ఆపరేషన్‌కు వస్తుంది, వంగకపోతే రాదు. ఈ అర్జీకి ప్రాణం ఇదే. తమరు ఇక్కడ ఎర్ర సిరాతో గీత గీసుకోగలరు.

2. దసరా వెళ్ళినాక ఆపరేషన్ జరిగినది. డాక్టరు గారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. "కీలు పెట్టుడు మా పని, వంచుడు మీ పని. రోజూ వంచకపోతె బిగుసుకపోతది" అని ఇంటికి పంపినారు. దవాఖాన వరండాలో వాకర్ పట్టుకొని నేను బాగానే నడిచినాను. అంతవరకు అంతా చట్టప్రకారమే జరిగినది.

3. మా దిక్కున ఎవరికైనా పాణం బాగాలేకపోతే పోయి చూసి రావడం ఆచారం. ఈ విషయంలో గోపమ్మను మించిన మనిషి లేదు. చెయ్యి విరిగినా, పాము కరిచినా, కడుపులో రాయి తీసినా, రొట్టె పాకెటు పట్టుకొని ఆమె పోయి కూర్చోని ఇల్లు చుట్టుపక్కల లేదు. కనుక ఇప్పుడు వాళ్ళందరూ వస్తున్నారు. రావడం తప్పని నేను అనడం లేదు. వచ్చినవారికి రోగి పడుకొని కనపడాలి, తప్పు అక్కడ ఉన్నది.

మొదట అచ్చంపేట నుండి ఆమె చెల్లెలి అత్తగారి తరఫువాళ్ళు వచ్చినారు. ఆ సమయంలో నేను వాకిట్లో వాకర్‌తో నడుస్తున్నాను. గోపమ్మ కుంటుకుంటూ ఎదురొచ్చి, "జల్ది లోపలికి పోయి పండుకో. బస్సులు మారి మారి వస్తుండ్రు. నువ్వు గిట్ల తిరుగుకుంట కనవడితె వాళ్ళేమనుకుంటరు?" అన్నది. పడుకున్నాను. దుప్పటి కప్పి, "జర మూలుగు" అన్నది. పై అధికారి చెప్పింది చెప్పినట్లు చేయడం సర్వీసులో అలవాటైన మనిషిని. మూలిగినాను. వచ్చినవారు తృప్తిపడి పోయినారు.

4. ఆ తరువాత విరామం లేదు. పొద్దున పత్తి ఏరపోయేవాళ్ళు పోయే ముందు, ఏరి వచ్చినవాళ్ళు వచ్చినాక, మధ్యలో ఏ పనీ లేనివాళ్ళు. నేను మంచం మీదనే ఉన్నాను. మోకాలుకు చాచుకొని ఉండడం అలవాటైనది. కదలకుండా ఒకచోట ఉండి మరిగితే ఏదైనా ఇక లేవదు, ఇది నేను ఆఫీసు ఫైళ్ళలో కూడా చూసి యున్నాను. తమరు అన్యథా భావించవద్దు.

5. వచ్చిన ప్రతివారూ దుప్పటి ఎత్తి కుట్లు చూస్తారు. అడగరు. సంతలో మేక పళ్ళు చూసినట్లు చూసి, పక్కవాళ్ళకు చూపించి, మళ్ళీ కప్పుతారు. కొందరు కప్పరు.

6. గోపమ్మ తమ్ముడు, నా బామ్మర్ది జంగయ్య మల్లన్న గుడికి పోయి బండారి పసుపు తెచ్చినాడు. కుట్ల మీద వేలితో మెత్తగా పూసినాడు. మల్లన్న బండారిని వద్దనడం మా ఇంట్లో లేదు, కనుక నేను కూడా దండం పెట్టినాను. ఆ వారంలోనే కాలు ఎర్రబడి, వాచి, చలిజ్వరం వచ్చి, కుట్ల నుండి చీము కారినది. మళ్ళీ హైదరాబాదు. పుండు తెరిచి కడిగి, సూదుల మీద సూదులు ఇచ్చినారు. అది మానేదాకా వంచుడు బంద్ పెట్టినారు. "ఈ పసుపు రంగు ఏంది?" అని డాక్టరు గారు అడిగినప్పుడు గోపమ్మ, "చీమే కావచ్చు సారూ" అన్నది.

జంగయ్య రెండోసారి కూడా చూడడానికి వచ్చినాడు. "బండారి పెట్టిన గనుక గీమాత్రం దక్కింది బావా, లేకుంటె కాలే పోయేది" అన్నాడు. వంగడం లేదని చెబితే, "మొక్కయి వంగనిది మానయి వంగుతదా" అని నవ్వినాడు. ఆ మోకాలు నాకు పెట్టి ఇంకా రెండు నెలలు కాలేదు. లెక్కకు అది మొక్కే.

7. ప్రతివారూ మేక కాళ్ళ పాయ తెస్తున్నారు, బొక్కలకు బలమని. మా దొడ్లోని మేకలు నా మంచం వైపు రావడం మానుకున్నవి.

8. మోత్కూర్ నుండి నాజియా అను ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ మీద వచ్చి నా కాలు వంచిపోతుంది. వంచేటప్పుడు నేను అరుస్తాను. అది వైద్యంలో భాగమేనని ఆమె అంటుంది. ఒకనాడు నేను గట్టిగా అరుస్తుండగా మా పాలోళ్ళు, అనగా దాయాదులు, కొందరు లోపలికి వచ్చినారు. వారిలో వరుసకు నాకు అన్న అయిన రాములు, "ఓ బిడ్డా, ఇడువు. ముసలి పానం, జర కనికరం లేదా?" అని అడ్డం నిలబడ్డాడు.

"ఇడిస్తె గట్లనే బిగుసుకపోతది పెద్దయ్యా" అని ఆ అమ్మాయి చెప్పింది.

"బిగుసుకపోతె పోనీ. బతికుంటె సాలు."

అందరూ అవునన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. నిజం చెప్పవలెనంటే, ఆ సమయంలో అడిగి ఉంటే నేను కూడా రాములు పక్షమే చెప్పి యుందును. నాజియా సంచి సర్దుకొని పోతూ, "తాతా, నీ కాలు వంగాల్నంటె ముందు నీ ఇల్లు ఖాళీ కావాలె" అన్నది. ఈ అర్జీకి మూలం ఆ మాట.

9. వచ్చిన ప్రతివారికీ మోకాలు ఆపరేషన్ చెడిపోయిన మనిషి ఒకరు తెలిసి ఉన్నారు. బాగుపడిన మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. మోత్కూర్ లచ్చయ్య అను వ్యక్తి పేరు తరచుగా వచ్చినది. ఒకరు చెప్పిన ప్రకారం ఆయన నాటి నుండి మంచం దిగలేదు. ఇంకొకరి ప్రకారం కాలు తీసేసినారు. మరొకరి ప్రకారం చనిపోయినాడు. సదరు లచ్చయ్య కిందటి వారం స్వయంగా నన్ను చూడడానికి వచ్చినాడు. గడప దాటి లోపలికి నడిచి వచ్చి, కుర్చీలో కాలు మడిచి కూర్చొని, చాయ తాగి, తన కాలు మంచిగున్నదని చెప్పి పోయినాడు. ఆయన పోగానే, ఈయన ఆ లచ్చయ్య కాదని అందరూ కలిసి తేల్చినారు.

ఈ మాటలన్నీ గోపమ్మ వంటింటి గడప దగ్గర చాయ గ్లాసులు పట్టుకొని నిలబడి వింటుంది. తన బరువంతా కుడికాలు మీద వేసి, భుజం గోడకు ఆనించి నిలబడుతుంది. వచ్చినవాళ్ళు నా కాలు చూస్తారు. ఆమె కాలు చూసినవాడు ఇప్పటివరకు ఒక్కడు లేడు.

10. నా మోకాలు ప్రస్తుతం డెబ్బై డిగ్రీల దగ్గర ఆగి యున్నది. తొంభై వంగితే కుర్చీలో సరిగా కూర్చోవచ్చు, బస్సు మెట్టు ఎక్కవచ్చు. వచ్చే మంగళవారం చూపించుకోవాలి. అప్పటికీ ఇట్లాగే ఉంటే మత్తు ఇచ్చి వంచవలసి వస్తుందని డాక్టరు గారు చెప్పినారు. కోయడం లేదు, కుట్టడం లేదు, మత్తులో వంచుతారు, అంతే. మా ఇంటికి వచ్చిన పెద్దలు దీనిని "కాలు ఇరిచి మల్ల అతుకుతరట" అని గోపమ్మకు తెలియజేసినారు. ఆ మరునాడు ఆమె తన ఎక్స్‌రే కవరు తీయించి అటక మీద పెట్టించింది. అటక ఎక్కడానికి తన మోకాలు రాదు కనుక జంగయ్య చేత పెట్టించింది.

అయ్యా, నాకు మత్తు అంటే భయం లేదు. నొప్పి కూడా ఇప్పుడు ఇంట్లో మనిషి అయిపోయినది. నాకు ఉన్న భయమంతా ఆ కవరు అటక మీదనే ఉండిపోతుందేమోనని. ఆమె ఆ కాలుతోనే మేకలను తోలుకొచ్చి, ఆ కాలుతోనే అందరికీ చాయ పోసి, రాత్రి గోడ పట్టుకొని పోయి పడుకుంటుంది. మూలగదు. మూలుగుడంతా నాకే అప్పజెప్పింది.

కావున తమరు దయచేసి:

(అ) జంగయ్య, రాములు మరియు లచ్చయ్య చనిపోయినాడని చెప్పినవారిని పిలిపించి, చెడిపోయిన మోకాళ్ళ గురించి మా గడపలో ఇక మాట్లాడబోమని బాండు రాయించుకోగలరు.

(ఆ) దుప్పటి ఎత్తువారిపై తమకు తోచిన చర్య తీసుకోగలరు.

(ఇ) బైండోవర్ కావలసినవారిలో మొదటి పేరు గోపమ్మది. నన్ను పడుకోబెట్టినది ఆమెనే కనుక, భార్య అని ఉపేక్షించలేదు. అయితే ఆమెను తమరి ఎదుట హాజరుపరిచినప్పుడు కుర్చీ వేయించగలరు. ఎక్కువసేపు నిలబడలేదు. వద్దంటుంది, అయినా వేయించగలరు.

(ఈ) విచారణ నిమిత్తం గిర్దావరు (ఆర్.ఐ.) గారిని మా ఇంటికి పంపవద్దు. వారు కూడా నన్ను చూడడానికే వచ్చినారని అనుకొని గోపమ్మ నన్ను పడుకోబెట్టును.

నిలబడి చెప్పుకొనవలసిన మనవిని పడుకొని రాసినందుకు మన్నించి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పర్వతాలు
(మంచము నుండి)

తా.క. అయ్యా, ఈ అర్జీ ఇంకా ఇంట్లోనే ఉన్నది. మధ్యాహ్నం రాయడం అయినాక, ఏం రాస్తున్నవని అడిగితే గోపమ్మకు మొత్తం చదివి వినిపించినాను. విన్నది. "నా పేరే ముందు రాసినవా?" అన్నది. ముందే రాసిన అన్నాను. మేకల దగ్గరికి పోయింది.

పొద్దుగూకే వేళకు వచ్చింది. నేను మంచం అంచున కూర్చొని, నాజియా చెప్పినట్లు పాదం నేల మీద వెనక్కి జరుపుతున్నాను. గోపమ్మ వచ్చి నా పక్కన కూర్చున్నది. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి లాగి, తన ఎడమ పాదం నా పాదం పక్కన పెట్టి వెనక్కి జరిపింది. నా పాదం ఆగిన చోటి దాకా కూడా ఆమెది రాలేదు. పెళ్ళయిన నాటి నుండి ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆమె కాలు ఇంత తక్కువ వంగుతుందని నాకు తెలియదు.

"నొస్తదా?" అన్నది.

"నొస్తది."

"మస్తు నొస్తదా?"

"మస్తు. గని నిన్నటికంటె ఇయ్యాల జరంత ఎక్కువ వంగుతది. రోజు గంతే."

"మరి నాతోని ఎందుకు చెప్పలె?"

"నువ్వు పండుకోమంటివి గద."

ఆమె పాదం మళ్ళీ ముందుకు తెచ్చి, మళ్ళీ వెనక్కి జరిపింది. పళ్ళు బిగబట్టింది. అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. "అక్కా, బావ ఎట్లున్నడు?" అని జంగయ్య గొంతు, వెనుక ఇంకా ఎవరెవరివో మాటలు. అలవాటు కొద్దీ నేను కాలు మంచం మీదికి ఎత్తబోయినాను. గోపమ్మ నా తొడ మీద చెయ్యి వేసి ఆపింది.

"జర బయటనే కూసోండ్రి తమ్మీ" అని కేక వేసింది. "మేం పనిల ఉన్నం."

వాళ్ళు బయట కూర్చున్నారు. ఇప్పటికీ కూర్చునే ఉన్నారు. ఆమె ఇంకా లేవలేదు.