కిరాయికుంటది

జూబ్లీహిల్స్,
12 డిసెంబరు 1994

చిరంజీవి మంజులతకు,

ఈ కవరు విప్పకుండా తిప్పి పంపినా నేనేమీ అనుకోను. నీ ఉత్తరాలు ఏడు నేను అలాగే పంపాను. వాటి వెనక రాసిన నీ కృష్ణానగర్ అడ్రసు మాత్రం కంఠతా వచ్చేసింది.

నేను మీ అన్నయ్య ఇంటికి వచ్చి నెలయింది. నిన్న వాడి కూతురు హిమబిందు కాలేజీవాళ్లతో సైకిళ్ల మీద ఊరు చూడ్డానికి బయల్దేరితే నేనూ వస్తానన్నాను.

"పడతావు నానమ్మా!"

"బందరులో ముప్పైయేళ్లు పాఠాలు చెప్పడానికి బడికి సైకిలు మీదే వెళ్లాను. నువ్వు ముందు నీ చున్నీ చక్రంలో పడకుండా చూసుకో," అన్నాను.

దారి చూపించడానికి పోచయ్య అనే ఆయన వచ్చాడు. సినిమా సెట్లకు మేకులు కొట్టే పని మానేసి ఇప్పుడు ఊరు చూపిస్తున్నాడట. కొండ మీద ఇళ్లు చూడ్డమంటే గేట్లు చూడ్డమే. గోడల మీద గాజుపెంకులు, గేటు వెనక కుక్క అరుపు. ఫిలింనగర్ దాటి కిందికి జారితే కృష్ణానగర్. బిందెల వరస, దండేల మీద తళుకుల బట్టలు, మొహాన పౌడరుతో షూటింగు వ్యాను కోసం కాచుక్కూచున్న జనం. కొండ మీద ఇంటికి నలుగురు, కొండ కింద గదికి నలుగురు.

"గీ గల్లీల ఎవ్వరికి సొంతిల్లు లేదమ్మా, అందరు కిరాయికే ఉంటరు," అన్నాడు పోచయ్య. "నేను గూడ ఇరవయ్యేండ్ల సంది కిరాయికే ఉన్న."

బ్రేకు వేశాను. "నువ్వా? కిరాయికా?"

"నేను, నా పెండ్లాం, ముగ్గురు పిల్లలు."

"అంటే... అద్దెకా?"

"అద్దెనే. మీ దిక్కు గట్లంటరా?"

చైను ఊడిందని చెప్పి కిందికి వంగాను. "చైను మంచిగనే ఉంది గద పెద్దమ్మా," అంటూనే ఉన్నాడాయన.

అయిదేళ్ల కిందట బందరు సముద్రం ఒడ్డున షూటింగుకు హైదరాబాదు నుంచి లైట్లు పట్టే రాములు వచ్చాడు. మా మంజులత తెలుసా అని అడిగాను. "ఎందుకు తెల్వదు! కృష్ణానగర్ల కిరాయికుంటది," అన్నాడు నవ్వుతూ. మనవైపు కిరాయికి దొరికేది బండి. మనిషి దొరికితే దాన్నేమంటారో నీకు తెలుసు. పైగా సినిమాల్లో గుంపులో డాన్సు చేస్తానని నామీద అలిగి వెళ్లిన పిల్లవి. ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. అర్థం తెలియని మాటను ఊహించి రాసిన పిల్లలకు సున్నా వేసినదాన్ని నేను! అప్పట్నుంచీ నీ ఉత్తరాలు తిప్పి పంపాను, మీ అన్నయ్యతో నీ పేరెత్తొద్దని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు.

తప్పు నాది. నిన్ను చూడాలని ఉంది. రమ్మంటావా?

అమ్మ,
శేషారత్నం


కృష్ణానగర్,
15 డిసెంబరు

అమ్మకు,

చదివి పడీపడీ నవ్వాను. పక్కగది బుచ్చమ్మక్కకు చెబితే ఆమే ముందు నవ్వు ఆపింది. "మరి నువ్వు నిజంగ గట్లనే బతుకుతుంటివనుకో, మీ అమ్మ ఉత్తరం రాస్తుండెనా?" అంది.

ఆ ప్రశ్నే నిన్ను అడుగుతున్నాను. నువ్వు చెప్పు. రావడం సంగతి ఆ తర్వాత.

మంజులత


జూబ్లీహిల్స్,
18 డిసెంబరు

మంజూ,

మూడు కాగితాలు చింపాను. నువ్వు అలా బతుకుతుంటే రాసేదాన్ని కాదు. అబద్ధమాడి నీ గడప తొక్కలేను. ఈ అయిదేళ్లూ నేను చేసింది ఒప్పనుకుని వేళకు అన్నం తిన్నాను, పేపరు చదివాను, మధ్యాహ్నం కునుకు తీశాను. మొన్న నీకు రాసిన ఉత్తరం కూడా ఒక మాటకు అర్థం తెలియనందుకు సిగ్గుపడి రాసిందే. బుచ్చమ్మ అడిగిన ప్రశ్న నాకు తట్టనే లేదు. ముప్పైయేళ్లు పాఠాలు చెప్పాను, ఆవిడ ముందు కూర్చుని నేర్చుకోవాల్సింది ఉంది.

నువ్వు నిజంగా అలాంటి బతుకులో పడి ఉంటే, ఆ ఏడు ఉత్తరాల్లో ఏదో ఒకటి 'అమ్మా, వచ్చి తీసుకుపో' అని ఉండేది. దాన్నీ తిప్పి పంపేదాన్ని.

బుధవారం పదింటికి వస్తాను. నువ్వు తలుపు తియ్యకపోతే బుచ్చమ్మ గదిలో కూర్చుంటాను. తీస్తే, ఆ ఉత్తరాల్లో ఏం రాశావో నీ నోటితో చెప్పు. ఈసారి తెలియని మాట వస్తే అడుగుతాను.

అమ్మ