బోణీ ఓటు

మోక, బళ్ళారి తాలూకా
12 జూన్ 2024

నా బంగారు యశస్వినికి మీ అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీ నాయన క్షేమం, ఈనిన ఎనుము క్షేమం, మీ అవ్వ మా అందరికంటే క్షేమం. ఎనభై ఆరేళ్లొచ్చినా ముద్ద మీద ముద్ద మింగుతోంది. నువ్వు ధార్వాడ హాస్టల్లో వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే మీ అవ్వ లాక్కుంటుందని, లాక్కోకపోయినా మూలన కూర్చుని అన్నీ వింటుందని నీకూ తెలుసు కాబట్టి ఉత్తరం రాశావు, మంచి పని చేశావు. కానీ తల్లీ, దాన్ని తిప్పి తిప్పి చదివాను. పైన ఒక్కచోట ‘అమ్మా’ అని ఉంది. కిందంతా అవ్వే. అవ్వ మొదటి ఓటు ఎప్పుడు వేసింది, అవ్వనే బోణీకి ఎందుకు పిలుస్తారు, అవ్వ హస్తవాసి గురించి వివరంగా రాయి అని. మీ మేడం బళ్ళారి ఎంపీ సీటు ఎన్నికల చరిత్ర రాయమంటే, నువ్వు మీ అవ్వ చరిత్ర రాస్తున్నట్టుంది. నాకు కడుపు మండింది. ఉన్న మాట చెప్తున్నా, ఏమైనా అనుకో.

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. బోణీ ఓటంటే ఏమిటో నీకు తెలుసు, మీ మేడంకు తెలియదు కదా. అంగట్లో పొద్దున మొదటి బేరం మంచి చెయ్యి ఉన్నవాళ్లు చేస్తే సాయంత్రందాకా బేరం బాగుంటుందంటారు. మన ఊళ్ళో ఓటుకూ అంతే. పోలింగు ముందురోజు సాయంత్రం గాదిలింగప్ప తట్టలో ఆకువక్కలు, అరటిపండ్లు పెట్టుకుని మన ఇంటికి వస్తాడు. ఆయన కాంగ్రెస్ ఏజెంటు, వాళ్ల నాయనా అంతే. “అవ్వా, పొద్దున్నే బోణీ నువ్వే చెయ్యల్ల” అంటాడు. మీ అవ్వ కాసేపు బెట్టు చేసి తాంబూలం తీసుకుంటుంది. తెల్లారి తలంటుకుని బూత్ తెరవకముందే వెళ్లి వరసలో ముందు నిలబడుతుంది. ఆమె వేసేదాకా ఆ పార్టీవాళ్లు ఎవరూ లోపలికి పోరు. మిరపతోటలో మొదటి కాయ ఆమే తెంపాలి, మడిలో మొదటి నారు ఆమే నాటాలి, ఎంపీకి మొదటి ఓటు ఆమే వేయాలి. నేను వెనకాల గొడుగు పట్టుకుని నిలబడాలి.

ఇప్పుడు చరిత్ర రాసుకో. యాభై రెండులో మొదటి ఎన్నిక జరిగింది మొదలు ఈ సీటు కాంగ్రెస్‌దే. మీ తాత తల్లి బోణీ చేసినప్పుడూ వాళ్లే, ఆ తర్వాత మీ అవ్వ చేసినప్పుడూ వాళ్లే. డెబ్బై ఏడులో దేశమంతా తలకిందులైనా మన సీటు కదలలేదు. ఇంక ఇందులో హస్తవాసి గొప్పేముంది? కాలవ నీళ్లు పారే మడిలో ఎవరు నాటినా పండుతుంది. ఈ మాట నేను మీ నాయనతో అంటే, “మా అమ్మను ఏమీ అనొద్దు” అని కంచం ముందునుంచి లేచిపోయాడు.

తొంభై తొమ్మిదిలో ఢిల్లీ నుంచి ఇద్దరు పెద్ద నాయకురాళ్లు మన సీటుకే పోటీకి వచ్చారు. హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే కలుపు తీసేది వదిలేసి గట్లమీద పరుగెత్తేవాళ్లం. వాళ్లల్లో ఒకామె కన్నడం నేర్చుకుని మాట్లాడిందని నేను మురిసిపోతే, మీ అవ్వ మూతి తిప్పి, “తెలుగు నేర్సుకోని రమ్మను, అప్పుడు సూస్తాము” అంది. గెలిచినామె ఇంకో సీటు ఉంచుకుని మనది వదిలేసింది కాబట్టి మరుసటి ఏడు మళ్లీ ఉప ఎన్నిక. రెండుసార్లూ బోణీ మీ అవ్వే, రెండుసార్లూ కాంగ్రెస్ గెలిచింది. ఇక చూడు, ఆమె కాళ్లు భూమ్మీద ఆనలేదు.

రెండువేల నాలుగు గురించి నువ్వు అడగలేదు. అడగవు, ఎందుకంటే అందులో అవ్వ లేదు. నువ్వప్పుడు చంకలో పిల్లవు. మీ అవ్వ కాలవగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. సిరిగేరిలో కట్టు కట్టించి, అక్కడే మీ అత్త ఇంట్లో పండబెట్టారు. గాదిలింగప్ప తట్ట పట్టుకుని వచ్చి గడపలో తల గోక్కుంటూ నిలబడ్డాడు. “ఏం చేసేది వదినా, ఇంటి కోడలివి, ఇంటి హస్తవాసి నీకు రాకుండా యాడికి పోతాది” అని తాంబూలం నా చేతిలో పెట్టాడు. యశూ, ఆ తాంబూలం దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో నాది అంటూ ఒకటి దొరికింది అదే. పొద్దున్నే పోయి బోణీ చేశాను.

ఆ ఏడు కాంగ్రెస్ ఓడిపోయింది. మొదటి ఎన్నిక నుంచి ఒక్కసారి కూడా ఓడని సీటు, నా వేలు తగలగానే పోయింది!

మీ అవ్వ కాలికి కట్టుతోనే బస్సెక్కి వచ్చింది. వీధిలో అడుగుపెట్టేటప్పుడే మొదలుపెట్టింది: “అయ్యో, ఒక్క తూరి నేను లేకపోతే సీటే పోగొడితిరి కదే!” నవ్వుతూనే అంది. కానీ ఊరు నవ్వులాటగా తీసుకోలేదు. పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడు మొదటి పోటు నన్ను వేయనివ్వడం మానేశారు. పొయ్యి పూజలకు, విత్తనం సంచులు విప్పడానికి పిలవడం మానేశారు. “హనుమంతమ్మక్క వెనకనుంచి రానీలేమ్మా” అనేవాళ్లు. నా మొహం మీదే అనేవాళ్లు.

పోనీ, తర్వాత మీ అవ్వ ఏం ఉద్ధరించింది? రెండువేల తొమ్మిదికి సీటు ఎస్టీలకు రిజర్వు అయింది. బోణీ మీ అవ్వ చేసింది, కాంగ్రెస్ ఓడింది. పద్నాలుగులో ఆమే చేసింది, ఓడింది. పద్దెనిమిది ఉప ఎన్నికలో గెలిచేసరికి ఊరంతా “ఓబులమ్మవ్వ హస్తవాసి!” అని ఎగిరింది. ఆరు నెలలకే పంతొమ్మిదిలో మళ్లీ ఓడింది. అప్పుడు మాత్రం గాదిలింగప్ప, “అది ఢిల్లీ గాలి అప్పా, అవ్వ ఏం చేస్తాది” అన్నాడు. విన్నావా? ఆమె ఓడితే గాలి, నేను ఓడితే నా చెయ్యి. ఈ న్యాయం మీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా?

ఇంక ఈ ఏటి సంగతి. ఎనభై ఐదు దాటినవాళ్లు ఇంట్లోనే ఓటు వేయొచ్చని అంగన్‌వాడీ టీచర్ మనోజ్ఞ వచ్చి చెప్పింది. మీ అవ్వ, “నేనేం మంచం పట్టినానా? నడుసుకుంటా పోతా” అంది. మనోజ్ఞ మాట నేను వదల్లేదు. “అత్తా, ఎండలు చూడు, మోకాళ్లు చూసుకో, నీకేమన్నా అయితే మేమేం కావాల” అని ఆమె పాదాలు ఒత్తుతూ చెప్పాను. మీ నాయన నా వైపు వింతగా చూశాడు. మొత్తానికి ఇంటి ఓటు కాగితం మీద వేలిముద్ర వేయించాను. ఆమె ఇంట్లో వేస్తే వరసలో ముందు నిలబడేది నేనే కదా.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! పోలింగుకు పది రోజుల ముందే జీపు వచ్చి మన వాకిట్లో ఆగింది. ఆఫీసర్లు, పోలీసు, వీడియో తీసేవాడు. వీధి వీధంతా మన అరుగు మీదే. నడవలో అట్టపెట్టె అడ్డంపెట్టి, మీ అవ్వ ఓటు వేస్తే కవర్లో పెట్టి పెట్టెలో వేసుకున్నారు. గాదిలింగప్ప చప్పట్లు కొట్టాడు. “సూడండప్పా, ఊరికంతా ముందే బోణీ అయిపాయ! అవ్వంటే అవ్వే!” వాళ్లందరికీ టీ కాచి ఇచ్చింది ఎవరు? నేనే.

పోలింగు ముందురోజు తట్ట పట్టుకుని ఎవరూ మన ఇంటికి రాలేదు. బోణీ అయిపోయింది కదా, ఇంకెందుకు వస్తారు. అయినా తెల్లారి తలంటుకుని పోయి అందరికంటే ముందు నిలబడ్డాను. లోపలికి పోయిన మొదటి మనిషిని నేనే. ఓటు వేసి వచ్చాను.

ఈ నాలుగో తేదీన మన సీటు కాంగ్రెస్ గెలిచిందని తెలిసేసరికి పేడాల పెట్టె పట్టుకుని, తప్పెట కొట్టించుకుంటూ గాదిలింగప్ప తన మనుషులతో వచ్చాడు. “ఇండ్లల్లో వేసిన పోస్టు ఓట్లే మొదట లెక్కపెట్టినారంట. అవ్వదే బోణీ!” అని అరిచాడు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. నాకు ఆ పెట్టె తీసి దిబ్బలో వేయాలనిపించింది.

మీ అవ్వ గోడ పట్టుకుని లేచింది. “సుమ్నె ఉండ్రా గాదిలింగా, అరవద్దు. నాది కవర్లో పెట్టి గోందు అంటిచ్చి ఎత్తకపోయిన ఓటు. అంగడి తెరవకముందే బోణీ యాడుంటాదిరా? అంగడి తెరిసినాంక ఎవురు మొదట కొంటే వాళ్లదే బోణీ. అంగడి తెరిసినాంక మొదట మిషను నొక్కింది మా హనుమి. బోణీ దానిది. ఇరవై ఏండ్లు దాని నోరు కొట్టింది చాలు” అంది.

అందరూ నావైపు తిరిగారు. ఎవరో “హౌదు, హౌదు” అని తలలూపారు. మీ అవ్వ నన్ను చెయ్యి పట్టి నడవలోకి లాక్కొచ్చి మొదటి పేడా నా నోట్లో పెట్టింది. గాదిలింగప్ప, “వదినా, తప్పయిపాయ, ఇంకమీదట తాంబూలం నీకే” అని రెండు చేతులూ జోడించాడు. మీ నాయన కళ్లు తుడుచుకున్నాడు.

యశూ, ఇంతదాకా నీకు చెప్పనిది ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. పోలింగు రోజు నేను కాంగ్రెస్‌కు నొక్కలేదు.

వాళ్ల మీద నాకేం కోపం? మీ అవ్వ బోణీ ఒక్కసారైనా ఊరందరి ముందు వట్టిదైపోవాలని, ఈసారి గాలీ గీలీ అని ఎవరూ తప్పించడానికి లేకుండా ఓడిపోవాలని, అవతలి గుర్తుకు నొక్కాను. నా ఒక్క ఓటుతో ఓడుతుందా అంటావు. ఆమె ఒక్క ఓటుతో గెలుస్తుందని ఊరు నమ్మలేదా? అట్లాంటి ఓటుకు ఆమె చేత్తో పేడా తిన్నాను. నోట్లో పెట్టింది ఉమ్మలేక మింగాను.

మొన్న పొద్దున మీ అవ్వ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను. “ఏమ్మే హనుమీ, ఇంక అన్నిటికీ నిన్నే పిలుస్తారేమో?” అంది.

“పిలిస్తే పిలుస్తారు అత్తా.”

“ఇరలి బిడు, కానీలే. మంచిదే కదా. నన్నింక ఎవురు పిలుస్తారులే” అని నా చేతుల వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లు ఆమె చేతులను నేను అట్లాగే చూశాను. ఇచ్చేసింది కానీ, ఇచ్చినందుకు లోపల కాలుతోంది ముసలామె. నాకు ఏడుపొచ్చింది. ఉన్నది చెప్పేస్తే ఆమె హస్తవాసి ఆమెకు తిరిగి వస్తుందని నోరు తెరిచాను.

అంతలో వీధి చివరి నింగమ్మ పరుగున వచ్చింది. వాళ్ల చేన్లో బోరు వేస్తున్నారు. ఇంతకుముందు రెండు వేస్తే దుమ్మే లేచింది. బండి వచ్చి నిలబడింది, కొబ్బరికాయ కొట్టాలి. మీ అవ్వ బియ్యం చాట కింద పెట్టి లేవబోయింది. నింగమ్మ ఆమెను దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, రా అక్కా, నీ చేత్తోనే కొట్టల్ల!”

తెరిచిన నోరు మూసుకున్నాను. చీర మార్చుకుని పోయాను. మీ అవ్వ వైపు చూడకుండా పోయాను.

నీళ్లు పడ్డాయి తల్లీ. పైపులోంచి తెల్లగా ఎగజిమ్మితే నింగమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ తడిసి ముద్దయ్యాను. ఇంటికి వచ్చేసరికి మీ అవ్వకు కబురు అందే ఉంది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు నేను ఏ నోటితో నిజం చెప్పాలి? చెప్పాలని ఉంది, చెప్పబుద్ధి కావడం లేదు. నువ్వు చదువుకున్నదానివి, ఏం చేయాలో రాయి. మీ అవ్వ హస్తవాసి గురించి ఎంత రాసుకుంటావో రాసుకో, నేను అడ్డం రాను. రెండువేల ఇరవై నాలుగు దగ్గర మాత్రం బోణీ నా పేరనే రాయి.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
హనుమంతమ్మ